సిలికా గుళికలు: గట్టిదనం చూసి మార్కులు వేయకండి

ఈ సమీక్ష రబ్బరు కాంపౌండ్లు (మిశ్రమాలు) కలిపేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను పరీక్షించిన సరుకు గుళికల రూపంలో ఉన్న అవక్షేపిత సిలికా (సోడియం సిలికేట్ నుంచి ఆమ్లంతో అవక్షేపించి, రబ్బరుకు బలం కోసం కలిపే పదార్థం), అందులోనూ రబ్బరులో తేలికగా విడిపోయేలా తయారుచేసిన రకం. రేణువుల ఉపరితలాన్ని కొలిచే సీటీఏబీ పద్ధతిలో చూస్తే గ్రాముకు దాదాపు 160 చదరపు మీటర్ల ఉపరితలం ఉంది. కారు టైర్ల ట్రెడ్డులో, అంటే నేలను తాకే పొరలో, విరివిగా వాడే స్థాయి ఇదే. దానితో పాటు వాడిన ద్రవ సిలేన్ (సిలికానూ రబ్బరునూ కలిపే రసాయనం), అంటే టీఈఎస్‌పీటీ, కూడా ఈ సమీక్షలో భాగమే. రెండింటికీ విడివిడిగా మార్కులు వేస్తే రెండింటికీ అన్యాయం చేసినట్టవుతుంది.

తీర్పు ముందే చెబుతాను. సరుకు చాలా బాగుంది, మళ్లీ తెప్పించుకుంటాను. అయితే మనలో చాలామంది సిలికాను బేరీజు వేసే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కాంపౌండు క్యూర్ చేసి (గంధకంతో వేడిలో గట్టిపరచి), గట్టిదనం కొలిచే షోర్ గేజి పెట్టి, అంకె పెరిగితే సిలికా బలాన్నిచ్చిందని రాసుకుంటారు. ఆ కొలతతో చూస్తే సరిగా కలవని కాంపౌండుకే ఎక్కువ మార్కులు పడతాయి. ఈ సంగతి చూపించడానికే రెండు బ్యాచ్‌లు పక్కపక్కనే కలిపాను.

సూత్రం రెండింటికీ ఒకటే. ద్రావణ పద్ధతిలో చేసిన ఎస్‌బీఆర్ (స్టైరీన్ బ్యూటాడైన్ రబ్బరు) బరువులో 70 భాగాలు, బ్యూటాడైన్ రబ్బరు 30, సిలికా 80, నూనె 25, మిగతావి మామూలే. మొదటి బ్యాచ్‌లో సిలేన్ ఉంది, రెండోదానిలో లేదు. సిలేన్ లేని ముక్క షోర్ ఏ మీద 82 చూపించింది, సిలేన్ ఉన్నది 66 దగ్గరే ఆగింది. ఇక్కడితో పరీక్ష ఆపేస్తే సిలేన్ వల్ల నష్టమే జరిగిందని అనిపిస్తుంది. రెండు ముక్కలనూ లాగి చూస్తే కథ తిరగబడింది. గట్టిగా ఉన్న ముక్క కొంచెం సాగగానే మెత్తబడి, పెద్దగా ఎదురు లేకుండా చాలా దూరం సాగి తెగింది. 300 శాతం సాగినప్పటి మాడ్యులస్‌ను, అంటే ఆ సాగుడుకు రబ్బరు చూపే ఎదురును, 100 శాతం దగ్గరి మాడ్యులస్‌తో భాగిస్తే దానికి రెండు కూడా రాలేదు. సిలేన్ ఉన్న ముక్కకు నాలుగున్నర దాటింది. అరుగుదల డ్రమ్ము మీద పెట్టాక తేడా చూడటానికి పరికరం కూడా అక్కర్లేకపోయింది. గట్టి ముక్క నుంచి పొడి రాలుతూనే ఉంది.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే తప్ప ఈ సరుకుకు సరైన విలువ కట్టలేం. కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను.

రబ్బరులో గట్టి రేణువులు ఏవి కలిపినా మాడ్యులస్ పెరుగుతుంది. రేణువు సాగదు కాబట్టి దాని వంతు సాగుడు కూడా చుట్టూ ఉన్న రబ్బరే మోయాలి. గుత్, గోల్డ్ అనే శాస్త్రవేత్తలు 1938లో ఇచ్చిన సమీకరణం ఇప్పటికీ లెక్కకు పనికొస్తుంది: రేణువుల ఘనపరిమాణ భాగాన్ని 2.5తో, దాని వర్గాన్ని 14.1తో గుణించి ఒకటికి కలపాలి. నా సూత్రంలో సిలికా ఘనపరిమాణ భాగం సుమారు 0.22. లెక్క కడితే రెండు రెట్ల పైచిలుకు వస్తుంది. ఇది కేవలం రేణువులు స్థలం ఆక్రమించినందుకు వచ్చే పెంపు. సుద్దపొడి వేసినా దాదాపు ఇంతే వస్తుంది. దీన్ని బలం అనలేం.

రెండో పెంపు సిలికాకు ప్రత్యేకం, మనల్ని మోసం చేసేది కూడా ఇదే. సిలికా ఉపరితలం నిండా సైలనాల్ సమూహాలు (సిలికాన్‌కు అంటిన ఓహెచ్‌లు) ఉంటాయి. హైడ్రోజన్ బంధాలతో అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎస్‌బీఆర్ లాంటి నూనె స్వభావం ఉన్న రబ్బరుతో వాటికి పొత్తు తక్కువ. అందుకే సిలికా రేణువులు రబ్బరును వదిలి తమలో తాము గొలుసులుగా, వలగా అల్లుకుంటాయి. ఆ వల మధ్యలో చిక్కుకున్న రబ్బరు తన పని చేయలేక అదీ గట్టి రేణువులాగే ప్రవర్తిస్తుంది. గేజి పిన్ను రబ్బరును కొద్దిగానే నొక్కుతుంది కాబట్టి ఈ వల విరగకుండా నిలబడి పెద్ద అంకె చూపిస్తుంది. ఇంకాస్త లాగితే వల తెగుతుంది, అంకె కూలుతుంది. ప్రతి కదలికకూ వల తెగి మళ్లీ కట్టుకుంటూ ఉంటే ఆ శక్తి అంతా వేడిగా పోతుంది. దొర్లే టైరులో మనం వదిలించుకోవాలనుకునేది సరిగ్గా ఆ వేడినే.

ఈ పతనాన్ని 1960లలో పేన్ అనే శాస్త్రవేత్త విస్తృతంగా అధ్యయనం చేశాడు, అందుకే దానికి పేన్ ప్రభావం అని పేరు వచ్చింది. రబ్బరు ప్రాసెస్ అనలైజర్ (రబ్బరును కదుపుతూ మాడ్యులస్ కొలిచే యంత్రం) ఉన్నవాళ్లు కొత్త సిలికా రాగానే మొదట చేయాల్సిన పరీక్ష ఇదే అని నా అభిప్రాయం. క్యూర్ కాని కాంపౌండును 0.5 శాతం కదలిక నుంచి 100 శాతం దాకా తీసుకెళ్లి మాడ్యులస్ ఎంత పడిందో చూడాలి. నా సిలేన్ లేని బ్యాచ్‌లో గీత కొండమీద నుంచి దూకినట్టు పడింది. సిలేన్ ఉన్న బ్యాచ్‌లో మొదలే కింద ఉండి నెమ్మదిగా వాలింది. ఈ రెండు గీతలు పక్కన ఉంటే తన్యబలం పట్టిక లేకపోయినా ఏ కాంపౌండు ట్రెడ్డుకు పనికొస్తుందో చెప్పేయవచ్చు.

మూడోది అసలు బలం: రబ్బరుకూ సిలికాకూ మధ్య రసాయన బంధం. టీఈఎస్‌పీటీ అణువుకు రెండు చివర్లా మూడేసి ఇథాక్సీ సమూహాలు, మధ్యలో గంధకపు గొలుసు ఉంటాయి. మిక్సర్ వేడిలో ఇథాక్సీ చివర్లు సైలనాల్‌తో కలిసి ఇథనాల్‌ను వదులుతాయి. తర్వాత క్యూర్ సమయంలో గంధకం వైపు రబ్బరు గొలుసుకు అతుక్కుంటుంది. సిలికా ఉపరితలం నీటి స్వభావం కోల్పోయి రబ్బరుతో కలుపుగోలుగా మారుతుంది కాబట్టి వల కూడా సడలుతుంది. నా 66కూ 82కూ తేడా ఇదే. పోయిన పదహారు అంకెలు పోవాల్సినవే.

నేను వాడిన మోతాదు ఊహించి వేసింది కాదు. సిలికా భాగాలను సీటీఏబీ ఉపరితలంతో గుణించి, దాన్ని 0.00053తో గుణిస్తే టీఈఎస్‌పీటీ భాగాలు వస్తాయి. 80 భాగాలకు, 160 ఉపరితలానికి 6.8. సిలికా భాగాలు, ఉపరితలాల లబ్ధాన్నే 0.00012తో గుణిస్తే డీపీజీ (క్యూర్‌కు సాయపడే డైఫినైల్ గ్వానిడిన్) దాదాపు ఒకటిన్నర. సిలికా గ్రేడు మార్చి సిలేన్ మోతాదు మార్చనివాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. 80 గ్రాముల ఈ సిలికాలో 12,800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంది. ఉపరితలం ఎక్కువున్న గ్రేడు తెచ్చి పాత మోతాదే పోస్తే మిగిలిన చోటంతా ఖాళీగా ఉండి వల కట్టడానికి సిద్ధంగా ఉంటుంది.

ఇక సంచి విప్పినప్పటి సంగతి. గుళికలు శుభ్రంగా ఉన్నాయి, పాత పొడి రకంతో పోలిస్తే దుమ్ము చాలా తక్కువ. తూకం దగ్గర పనిచేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఇది స్ఫటిక రూపం లేని సిలికా, సిలికోసిస్ తెచ్చే స్ఫటిక సిలికా వేరు. అయినా మాస్కు తీయమని మాత్రం ఎవరికీ చెప్పను, ఏ దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుళికను వేళ్ల మధ్య నలిపితే సులువుగా చితికింది, అలాగని సంచి అడుగున పొడి పేరుకోలేదు. ఈ రెండూ కుదరడం అంత తేలిక కాదు. గుళిక మరీ గట్టిదైతే మిక్సర్‌లో విడిపోదు, మరీ మెత్తనిదైతే దారిలోనే పొడి అవుతుంది. క్యూర్ చేసిన ముక్కను పదునైన బ్లేడుతో కోసి భూతద్దం కింద పెడితే తెల్లని చుక్కలు ఎక్కడో ఒకటీ అరా తప్ప కనిపించలేదు. సాధారణ రకం సిలికాతో అదే మిక్సర్‌లో, అదే సమయంలో కలిపిన ముక్కలో అవి చల్లినట్టు ఉన్నాయి. అలాంటి ప్రతి చుక్కా పగులు మొదలయ్యే చోటే.

తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ రకం సిలికాలో 5 నుంచి 7 శాతం దాకా నీరు ఉండటం మామూలే, ఉండాలి కూడా, ఎందుకంటే సిలేన్ చర్య మొదలవడానికి కొంత నీరు సాయపడుతుంది. మరీ ఎండిపోయిన సిలికాతో చర్య మందగిస్తుంది, మరీ తడిసినదానితో మిక్సర్ వేడి ఎక్కదు. నాకు వచ్చిన లాటు పరిధిలోనే ఉంది. కానీ విప్పిన సంచిని మూతి కట్టకుండా వదిలేస్తే ఈ సరుకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి బరువు తగ్గుదల చూడటం ప్రతి లాటుకూ, మిగిలిపోయిన ప్రతి సంచికీ చేయాల్సిన పని.

ఈ సరుకు పెట్టే అసలు పరీక్ష మిక్సర్ దగ్గరే. 140 డిగ్రీల లోపు సిలేన్ చర్య నిదానం. 160 దాటితే టీఈఎస్‌పీటీలోని గంధకం విడిపోయి కాంపౌండు మిక్సర్‌లోనే గట్టిపడటం మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్న సన్నని సందులో, అంటే 145 నుంచి 155 మధ్య, కొన్ని నిమిషాలు నిలబెట్టాలి. రోటార్ వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉష్ణోగ్రతను కాయాలి. కార్బన్ బ్లాక్‌తో (టైర్లకు నలుపునిచ్చే మసిపొడితో) పనిచేసి అలవాటైన ఆపరేటర్‌కు ఇది కొత్త విద్య. బ్లాక్‌ను కలపడం అంటే నలిపి పంచడమే, సిలికా విషయంలో మిక్సర్ ఒక రసాయన రియాక్టర్‌గా మారుతుంది. వేడి అదుపు కష్టమైన పాత మిక్సర్లు ఉన్నవాళ్లు గంధకపు గొలుసు చిన్నదిగా ఉండే డైసల్ఫైడ్ రకం సిలేన్‌కు మారడం మేలు. అది వేడిని బాగా తట్టుకుంటుంది, అయితే క్యూర్‌కు గంధకం కొంచెం పెంచుకోవాలి.

వరస కూడా ముఖ్యమే. సిలికాను రెండు విడతలుగా, మొదటి విడతతోనే సిలేన్‌ను వేశాను. నూనెను రెండో విడత దాకా ఆపాను, ముందే పోస్తే రబ్బరు జారిపోయి గుళికలను నలిపే శక్తి ఉండదు. జింక్ ఆక్సైడ్ సిలేన్ చర్యకు అడ్డు తగులుతుంది కాబట్టి దాన్ని తర్వాతి దశకు ఉంచాను. గంధకం, క్యూర్‌ను వేగిరపరిచే యాక్సిలరేటర్లు చివరి చల్లని దశలోనే.

మిక్సర్ తలుపు తెరవగానే వచ్చే ఇథనాల్ వాసన చర్య జరిగిందనడానికి గుర్తు. కానీ అది ఎంత వస్తుందో లెక్క కట్టినవాళ్లు తక్కువ. టీఈఎస్‌పీటీలోని ఆరు ఇథాక్సీలూ చర్య జరిపితే 200 కిలోల బ్యాచ్ నుంచి మూడు కిలోలకు పైగా ఇథనాల్ బయటికి రావాలి. దాన్ని లాగేసే ఫ్యాను లేని చోట సిలికా కాంపౌండు కలపకూడదు. బయటికి పోకుండా కాంపౌండులో మిగిలిన ఇథనాల్ ఎక్స్‌ట్రూడర్ (కాంపౌండును డై గుండా పట్టీగా నెట్టే యంత్రం) దగ్గర బుడగలుగా తేలుతుంది. ట్రెడ్డు పట్టీ కోసి చూసినప్పుడు సన్నని రంధ్రాలు కనిపిస్తే డైని నిందించే ముందు మిక్సింగ్ రికార్డు తీసి చూడండి.

క్యూర్ విషయంలో సిలికా స్వభావం ఆమ్లపు వైపు ఉంటుంది, యాక్సిలరేటర్లను తన ఉపరితలం మీద పట్టి ఉంచుతుంది. అందుకే డీపీజీ వేస్తాం, యాక్సిలరేటర్లు అతుక్కునే చోట్లను అది నింపుతుంది, క్యూర్ వేగం కూడా నిలబడుతుంది. క్యూర్ వేడికి డీపీజీ నుంచి అనిలిన్ వెలువడుతుందన్నది మాత్రం నాకు నచ్చని విషయం. దానికి బదులు దొరికే పదార్థాలను ప్రయత్నించడం ఈ రంగంలో అందరి బాధ్యత అనుకుంటున్నాను.

ఇంత శ్రమా దేనికి? 60 డిగ్రీల దగ్గర టాన్ డెల్టా, అంటే కదలికలో వేడిగా పోయే శక్తి వంతు, కొలిచినప్పుడు జవాబు దొరుకుతుంది. టైరు దొర్లేటప్పుడు ట్రెడ్డు సెకనుకు పదుల సార్లు, ఓ మోస్తరు వేడిలో వంగి లేస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు రోడ్డు గరుకుదనం రబ్బరును సెకనుకు వేల నుంచి లక్షల సార్లు కదుపుతుంది, ప్రయోగశాలలో అది సున్నా డిగ్రీల దరిదాపుల్లో నెమ్మదిగా కదపడంతో సమానం. మొదటి చోట వేడి తక్కువ పుట్టాలి, రెండో చోట ఎక్కువ పుట్టాలి. కార్బన్ బ్లాక్‌తో ఒకదాన్ని బాగు చేస్తే సాధారణంగా రెండోది చెడుతుంది. సిలికా, సిలేన్ జంట ఈ ముడిని విప్పింది: వల సడలడంతో 60 డిగ్రీల నష్టం పడిపోతుంది, సున్నా దగ్గరి నష్టం నిలబడుతుంది. నా రెండు బ్యాచ్‌లలో సిలేన్ ఉన్నదాని టాన్ డెల్టా గీత సరిగ్గా అదే ఆకారంలో వచ్చింది.

దీన్ని టైరుగా మార్చిన ఘనత ఫ్రెంచి టైర్ల కంపెనీ మిషెలిన్‌ది. ఆవిష్కర్తగా రోలాన్ రోలీన్ పేరుతో ఉన్న వాళ్ల పేటెంటు 1990ల మొదట్లో వచ్చింది. సిలికా అంతకు ముందూ ఉంది, టీఈఎస్‌పీటీ 1970ల నుంచీ ఉంది, ద్రావణ ఎస్‌బీఆర్ కూడా ఉంది. తేలికగా విడిపోయే సిలికాను సరైన రబ్బరుతో, సరైన వేడిలో, దాదాపు బ్లాక్ మొత్తం స్థానంలో వాడవచ్చని చూపించడమే ఆ పేటెంటు గొప్పతనం. రబ్బరు రంగంలో నాకు అత్యంత గౌరవం ఉన్న పనుల్లో ఇదొకటి.

ఫిర్యాదులూ ఉన్నాయి. క్యూర్ చేయకుండా నిల్వ ఉంచిన కాంపౌండు రోజులు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది, సిలేన్ అందని చోట్ల వల మళ్లీ అల్లుకోవడమే కారణం. వాడే ముందు మిల్లు మీద ఇంకోసారి తిప్పాల్సి వచ్చింది. మిక్సింగ్ దశలు పెరిగి యంత్రం ఎక్కువసేపు ఆక్రమణలో ఉంటుంది. రోటార్లు, డైలు బ్లాక్‌తో కంటే సిలికాతో త్వరగా అరుగుతాయి. సిలికా విద్యుత్తును పోనివ్వదు, అందుకే సిలికా ట్రెడ్డు మధ్యలో కార్బన్ బ్లాక్ కాంపౌండుతో సన్నని వాహక పట్టీ పెట్టి వాహనంలో చేరిన స్థిర విద్యుత్తును నేలకు దించుతారు. ట్రెడ్డు సూత్రం మార్చాలనుకునేవాళ్లు ఈ పట్టీ సంగతి మొదటి రోజే ఆలోచించాలి.

వరి ఊక బూడిద నుంచి తీసిన సిలికా నమూనా కూడా ఒకటి చూశాను. ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అధిక భాగం సిలికాయే. దాన్ని క్షారంలో కరిగిస్తే సోడియం సిలికేట్ అవుతుంది. ఇసుకను సోడాతో కొలిమిలో కరిగించే శ్రమ తప్పుతుంది, ఆ తర్వాత ఆమ్లంతో అవక్షేపించే పద్ధతి ఒకటే. ఉపరితలం, తేమ ఒకేలా ఉన్నప్పుడు పేన్ గీతలో నాకు తేడా కనిపించలేదు. గుడ్‌ఇయర్ ఈ రకం సిలికాను టైర్లలో వాడుతున్నట్టు గత దశాబ్దంలోనే ప్రకటించింది. దీని మీద నాకు మంచి ఆశలున్నాయి.

సిలికోన్ రబ్బరు చేసేవాళ్లకు మాత్రం ఈ సరుకు సిఫారసు చేయను. ఒక మెగాపాస్కల్ కూడా లాగుడుకు ఆగని సిలికోన్‌ను పది మెగాపాస్కల్‌ల దగ్గరికి చేర్చేది మంటలో తయారైన ఫ్యూమ్డ్ సిలికా. అది తేమ తక్కువ ఉన్న వేరే పదార్థం. రంగుల చెప్పు అడుగులు, పారదర్శక అడుగులు చేసేవాళ్లకు ఇది పనికొస్తుంది గానీ ఇంత ఖరీదైన విడిపోయే గుణం అక్కర్లేదు, సాధారణ రకం చాలు.

లారీ టైర్ల సహజ రబ్బరు ట్రెడ్డులో పూర్తిగా సిలికాకు మారడానికి నేను తొందరపడను. సహజ రబ్బరులోని ప్రోటీన్లు సిలికా ఉపరితలం కోసం సిలేన్‌తో పోటీ పడతాయి, అరుగుదలలో బ్లాక్ ఇంకా ముందే ఉంది. అక్కడ బ్లాక్‌ను ప్రధానంగా ఉంచి 10 నుంచి 15 భాగాల సిలికా చేరిస్తే చిరుగుదల, పెచ్చులు ఊడటం తగ్గుతాయి. వచ్చే లాటు నుంచి కొంత ఆ ప్రయత్నానికే పక్కన పెట్టుకుంటున్నాను.